నా రక్షణ పోయిందా, అయ్యగారూ?

పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ నుంచి ఒక విశ్రాంత పాస్టరు జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. 2011లో మా ఊరి చెరువులో బాప్తిస్మం తీసుకున్నాను. కొన్నేండ్లుగా మా సంఘానికి కోశాధికారిని. మందిరం స్లాబు కోసం జమ చేసిన డబ్బు నా దగ్గరే ఉంటుంది. పోయిన ఏడు మా మిర్చి తోటకు నల్ల తామర పురుగు పట్టింది. మందుల షాపులో ఇంక అప్పు పుట్టలేదు. ఏనుమాముల మార్కెట్లో పంట అమ్మగానే పెట్టేద్దామనుకొని ఆ డబ్బులోంచి 40,000 రూపాయలు వాడుకున్నాను. పంట చేతికి రాలేదు. కమిటీలో లెక్క అడిగితే స్లాబుకు కావలసిన సలాకకు (ఇనుప కడ్డీలకు) అడ్వాన్సు ఇచ్చినట్టు పుస్తకంలో రాసి చూపించాను. నా భార్యకు కూడా తెలియదు. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన) ఉన్న ఆదివారం ఏదో ఒక పని పెట్టుకొని ఊరు దాటి పోతున్నాను. మోకరిస్తే నోట మాట రావడం లేదు. ఎవరి సంగతో అన్నట్టు మా బావమరిదిని అడిగాను. ‘ఒకసారి రక్షణ పొందితే ఎప్పటికీ రక్షణే, టెన్షన్ ఎందుకు’ అన్నాడు. ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడేమో హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చదివి, ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవాడికి మళ్లీ మారుమనస్సు లేదన్నాడు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. నా రక్షణ పోయిందా? అసలు నాది నిజమైన రక్షణేనా? మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా? ప్రభు బల్ల తీసుకోవచ్చా?
– పేరు వేయవద్దన్నారు

జవాబు: తమ్ముడూ, వందనాలు. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. ఇంకొకటి అడగాల్సింది, అడగలేదు: ఆ డబ్బు ఎట్లా కట్టాలి? దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీ నిద్ర చెడగొట్టిన ప్రశ్నకు సూటిగా చెప్తాను. ఈ పాపం వల్ల దేవుడు మిమ్మల్ని వదిలేశాడని నేను నమ్మడం లేదు. ఈ పాపాన్ని ఆయన అట్లాగే వదిలేస్తాడని కూడా నమ్మడం లేదు.

‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే’ అని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం. ఈ వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. 2011లో చెరువులో నడుంలోతు నీళ్లలో నిలబడ్డప్పుడు మీ నడవడి లెక్క చూసి దేవుడు మిమ్మల్ని చేర్చుకున్నాడా? లేదు కదా. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడని రోమా పత్రిక 5:8లో పౌలు అంటాడు. అక్కడితో ఆగడు. శత్రువులుగా ఉన్నప్పుడే సమాధానపరచిన దేవుడు, సమాధానపడ్డాక మరి నిశ్చయంగా రక్షిస్తాడంటాడు 10వ వచనంలో. పోయిన ఏడు మీరు పుస్తకంలో రాసిన ఆ అబద్ధపు వరుస, 2011లో మిమ్మల్ని పిలిచినప్పుడే ఆయనకు తెలుసు. తెలిసే పిలిచాడు.

ప్రభువు శిష్యుడు పేతురు సంగతి చూడండి. కోడి కూయకముందే మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాడు, మత్తయి ప్రకారం ఒట్టు పెట్టుకొని మరీ అన్నాడు. కానీ అంతకు ముందే, భోజనపు బల్ల దగ్గరే, ‘నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని’ అని ప్రభువు చెప్పి ఉన్నాడు, లూకా 22:32. పేతురు పడిపోతాడని ఆయనకు తెలుసు. పడిపోయిన చోట నమ్మకం చచ్చిపోకూడదని ప్రార్థించాడు. ‘నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము’ అని చేయాల్సిన పని కూడా ముందే అప్పగించాడు. ఈ మాట నేను ఎన్నో ఇళ్లలో, ఎంజీఎం ఆసుపత్రి మంచాల పక్కన కూడా చదివాను. చదివిన ప్రతిసారీ నాకే ధైర్యం వస్తుంది. మన పట్టు సడలినా ఆయన ప్రార్థన సడలదు. యోహాను 10:28లో తన గొర్రెలను ఎవడూ తన చేతిలోంచి అపహరించడని ఆయనే అన్నాడు.

ఇక హెబ్రీ 6. ఆ ప్రసంగీకుడు చదివిన వచనాలు బైబిల్లో ఉన్నవే, వాటిని నేను తేలిక చేయను. కానీ ఆ ఉత్తరం ఎవరికి రాశారో చూడాలి. హింసకు తాళలేక, క్రీస్తునే వదిలి వెనక్కి పోదామా అని ఊగిసలాడుతున్నవారికి రాశారు. దేవుని కుమారుణ్ణి మళ్లీ సిలువ వేస్తూ బాహాటంగా అవమానపరిచేవారు అని అక్కడే ఉంది. నాకు క్రీస్తే వద్దు అని తెగేసి పోయినవాడి గురించిన హెచ్చరిక అది. బలహీన క్షణంలో పడిపోయి, మళ్లీ ఆయన దగ్గరికి రావాలని ఏడుస్తున్నవాడికి తలుపు మూయడానికి దాన్ని వాడకూడదు. అదే అధ్యాయం 9వ వచనంలో, మేమిట్లా చెప్తున్నా మీ విషయంలో రక్షణకరమైన మంచి సంగతులే నమ్ముతున్నాం అని రాసినాయన కలుపుకున్నాడు. ప్రసంగాల్లో చాలామంది 6వ వచనం దగ్గరే బైబిలు మూసేస్తారు. నాకు అది బాధ.

ఇది మీ ఒక్కరి ప్రశ్నే కాదు, సంఘం పుట్టిన తొలినాళ్ల నుంచీ ఉన్నదే. 250లో రోమా చక్రవర్తి డెసియస్, అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల నుంచి పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. క్రైస్తవుల్లో కొందరు ప్రాణభయంతో బలి ఇచ్చారు. కొందరు బలి ఇవ్వకుండా డబ్బిచ్చి దొంగ పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీళ్లంతా ఏడుస్తూ సంఘం తలుపు దగ్గరికి వచ్చారు. రోమాలో నొవేషియన్ అనే పెద్ద, వీళ్లను సంఘం మళ్లీ చేర్చుకోవడానికి వీల్లేదన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో బిషప్ సిప్రియన్ 251లో సభ పెట్టాడు. దొంగ పత్రం కొన్నవారిని ఒక్కొక్కరిగా విచారించి, పశ్చాత్తాపం నిజమని తేలితే చేర్చుకోవచ్చని అక్కడ నిర్ణయించారు. బలి ఇచ్చినవారికి ఇంకా ఎక్కువకాలం పశ్చాత్తాపం విధించారు. సంఘం నొవేషియన్ దారిన పోలేదు. అట్లాగని ‘ఏం కాలేదు, వచ్చి కూర్చోండి’ అని కూడా అనలేదు. దొంగ పత్రం కొన్నవాళ్ల కథ మీ సలాక రాతకు ఎంత దగ్గరో చూసుకోండి.

మన ప్రాంతంలో ఈ విషయం మీద రెండు మాటలు వినబడటానికి కారణం ఉంది. హనుమకొండ వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు సువార్త తెచ్చారు. అటు మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కథీడ్రల్ పోస్నెట్ దొర కట్టించిందే. 1947లో ఆ మెథడిస్టుల సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్‌ఐలో కలిశాయి. నిజమైన విశ్వాసిని దేవుడు చివరిదాకా నిలబెడతాడని చాలామంది బాప్టిస్టులు బోధిస్తారు. విశ్వాసి క్రీస్తును వదిలి పూర్తిగా తప్పిపోయే ప్రమాదం ఉందని మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ బోధించాడు. రెండు వైపులా పెళ్లిళ్లు కలిశాయి కాబట్టి ఒకే ఇంట్లో రెండు బోధలూ వినబడతాయి. నేను మొదటి దాని వైపే ఉన్నాను, దాచుకోను.

కానీ మీ బావమరిది మాట ఆ బోధ కాదు. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో ఈ బోధను వివరంగా రాసిపెట్టినవాళ్లే, విశ్వాసులు దావీదులాగా, పేతురులాగా ఘోరంగా పడిపోగలరని, అట్లాంటి పాపాలతో దేవుణ్ణి దుఃఖపెడతారని, మనస్సాక్షిని గాయపరచుకుంటారని, కొంతకాలం కృప అనుభవమే తెలియకుండా పోతుందని కూడా రాశారు. టెన్షన్ ఎందుకు అని వాళ్లు అనలేదు. వెస్లీ చూస్తే, తప్పిపోయినవారిని తిరిగి రండని పిలుస్తూ ప్రత్యేకంగా ప్రసంగమే రాశాడు, ఎంతోమంది తిరిగి వచ్చారని కూడా చెప్పాడు. ఈ రోజు మీ గుమ్మంలో ఈ ఇద్దరినీ నిలబెట్టి అడిగితే, ఇద్దరూ మిమ్మల్ని ఒక్క దారికే పంపుతారు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని పౌలే అడిగి, ‘అట్లనరాదు’ అని తానే జవాబు చెప్పాడు కదా, రోమా 6లో.

మోకరిస్తే మాట రావడం లేదన్నారు. ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించిన మాట అదే. 32వ కీర్తనలో దావీదు, పాపం దాచుకొని మౌనంగా ఉన్నన్ని రోజులూ ఎముకలు క్షీణించాయని, రాత్రింబగళ్లు దేవుని చెయ్యి తన మీద బరువుగా ఉందని అంటాడు. పరాయివాని భార్య బత్షెబతో పాపం చేశాక, దాన్ని ఎత్తి చూపడానికి నాతాను ప్రవక్త వచ్చేసరికి బిడ్డ కూడా పుట్టాడు. అన్ని నెలలు రాజు సింహాసనం మీద మామూలుగానే కూర్చున్నాడు, తీర్పులు చెప్పాడు. లోపల మాత్రం ఎండిపోయాడు. ఇంట్లో డబ్బు తీసిన కొడుకు అన్నం వేళకు తండ్రి ఎదుట కూర్చోలేక తప్పించుకు తిరుగుతాడు. పక్కింటి పిల్లాడికి ఆ ఇబ్బంది ఉండదు. ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని, శిక్ష లేనివాడు కుమారుడే కాడని హెబ్రీ 12 చెప్తుంది. మీరు ప్రభు బల్ల రోజు ఊరు దాటి పోతున్నారంటే మీలో దేవుని పని ఆగలేదనే నేను చదువుకుంటున్నాను.

అయితే ఈ మాట అందరికీ చెప్పను. సంఘం డబ్బు తిని, హాయిగా ప్రభు బల్ల తీసుకొని, వేదిక మీద సాక్ష్యం చెప్పి, కృప ఉంది కదా అనే మనిషి ఇదే ప్రశ్న రాస్తే, నీ రక్షణ భద్రం అని నేను రాయను. ‘నిన్ను నువ్వు శోధించుకో, విశ్వాసం ఉందో లేదో చూసుకో’ అని 2 కొరింథీ 13:5 రాస్తాను. ఏడాది తర్వాత మీరు కూడా ఏమీ చేయకుండా ఇదే ఉత్తరం మళ్లీ రాస్తే, మీకూ అదే రాస్తాను.

ఇప్పుడు డబ్బు సంగతి. లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి వచనాలు ఈ రోజే తీసి చదవండి. తనకు అప్పగించిన సొమ్ము విషయంలో అబద్ధమాడినవాడి గురించి ఉంది. అచ్చం మీ సంగతే. తీసుకున్న మొత్తం, దాని మీద అయిదో వంతు కలిపి సొమ్ముగలవారికి ఇవ్వాలి. ఆ తర్వాతే అపరాధబలి. ఆ లెక్కన మీది 48,000. మనం ధర్మశాస్త్రం కింద లేము, అయిదో వంతు కట్టాల్సిందే అని నేను శాసించను. కానీ అన్యాయంగా సొమ్ము తీసుకున్న సుంకరి జక్కయ్య, కృప పొందిన రోజే నాలుగంతలు ఇస్తానన్నాడు. అడగకుండానే అన్నాడు.

ఆ డబ్బు ఎవరిదో ఒకసారి తలుచుకోండి. మీ స్లాబు డబ్బులో కోతల పండుగ కానుకలున్నాయి. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు గుప్పెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేసిన అక్కల బియ్యం అమ్మిన డబ్బుంది. మిరపకాయ ఏరడానికి కూలికి పోయి, వేళ్లు మండుతుంటే కొబ్బరినూనె రాసుకొని పడుకున్నవాళ్ల నోట్లున్నాయి. మీ భార్య ఇచ్చింది కూడా అందులో ఉండే ఉంటుంది.

మీకు ఒక ఆలోచన వచ్చి ఉంటుంది, నాకు తెలుసు: నూటికి మూడు రూపాయల మిత్తికైనా తెచ్చి, ఎవరికీ తెలియకుండా పెట్టేసి, సలాక తిరిగి ఇచ్చేశారని ఇంకో వరుస రాస్తే గొడవ వదులుతుంది కదా అని. వద్దు తమ్ముడూ. డబ్బు నిండుతుంది గానీ పుస్తకంలో ఒక అబద్ధం రెండవుతుంది. మీ నోరు ఇప్పటిలాగే మూసుకొనే ఉంటుంది. ‘అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు’ అని సామెతలు 28:13. ఒప్పుకొని విడిచిపెట్టేవాడు కనికరం పొందుతాడని మిగతా సగం.

ముందు మీ భార్యకు చెప్పండి, ఈ పత్రిక చేతికి అందిన రోజే. తర్వాత లెక్కల పుస్తకం తీసుకొని మీ పాస్టరుగారి దగ్గరికి వెళ్లండి, ఒక సంఘపెద్దను కూడా అక్కడ ఉండమనండి. పాస్టరుగారిని రహస్యంగా ఉంచమని అడగకండి, అది ఆయన సొమ్ము కాదు. ఆ పేజీ చింపవద్దు, సలాక రాత కొట్టేయవద్దు. ఇవాళ్టి తేదీ వేసి, ఫలానా తేదీన సలాకకు అని రాసిన 40,000 నా సొంతానికి వాడుకున్నాను, ఇంత ఇంతగా ఫలానా నాటికి కడతాను అని రాసి సంతకం పెట్టండి. ఆరోగ్యం బాగాలేదని సాకు చెప్పి పదవి వదలకండి. కారణం చెప్పి వదలండి.

ఏం జరుగుతుందో నేను హామీ ఇవ్వలేను. ములుగు వైపు ఒక సంఘంలో ఇట్లాంటిదే నా కాలంలో జరిగింది. సంఘపెద్ద లేచి ఒప్పుకున్నాడు. ఒక కుటుంబం మందిరానికి రావడమే మానేసింది. కొందరు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. కమిటీ ఆయన్ను పని నుంచి తీసేసి, రెండు పంటల గడువిచ్చింది. పత్తి అమ్మిన డబ్బు తెచ్చి కట్టేవాడు, రసీదు అడిగి మరీ తీసుకునేవాడు. వెనక చాప మీద కూర్చొనేవాడు. చివరి కంతు కట్టాక కార్యదర్శి లేచి, 2 కొరింథీ 2వ అధ్యాయంలోని మాట చదివాడు: అతడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా మీరు క్షమించి ఆదరించాలని. ఆ పెద్దకు లెక్కలు మళ్లీ ఇవ్వలేదు, అది సరైన పనే అని నా అభిప్రాయం. ఆదివారం పిల్లల బడి అప్పగించారు. దావీదుకు కూడా నాతాను ఒక్క మాటలోనే క్షమాపణ ప్రకటించాడు, కానీ ఆ పాపం తెచ్చిన కష్టాలు ఆయన ఇంట్లో చాలాకాలం నడిచాయి. రెండూ నిజమే.

సంఘాలకూ ఒక మాట. ఇంత డబ్బు ఒక్క మనిషి ఇంట్లో, ఒక్క సంతకం మీద ఇన్నేండ్లు ఉంచడం ప్రేమ కాదు. బ్యాంకులో ఇద్దరి పేర జాయింట్ ఖాతా తెరవండి, మూడు నెలలకోసారి లెక్క చదివి వినిపించండి. ఈ తమ్ముడు వచ్చి ఒప్పుకున్నప్పుడు గలతీ 6:1 గుర్తుంచుకోండి, సాత్వికమైన మనసుతో మంచిదారికి తీసుకురమ్మంది.

మిగిలినవి త్వరగా చెప్తాను. మళ్లీ బాప్తిస్మం అక్కర్లేదు. బాప్తిస్మం ఒక్కటే అని ఎఫెసీ 4:5. పేతురుకు ఎవరూ రెండోసారి బాప్తిస్మం ఇవ్వలేదు. ప్రభు బల్ల మాటకొస్తే, పాస్టరుగారితో మాట్లాడాక వచ్చే బల్లకు ఊరు దాటి పోకండి. సంఘం కొన్నాళ్లు ఆగమంటే ఆగండి, మందిరంలోనే కూర్చొని ఆగండి. అప్పటిదాకా 51వ కీర్తన పైకి చదవండి. ప్రార్థన రానివాడికి అందులో మాటలు సిద్ధంగా ఉన్నాయి.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర. మా ఆయన దుబాయి నుంచి వచ్చినప్పటి నుంచి మందిరానికి రావడం లేదు, తాగుతున్నాడు. ఒకప్పుడు యువజన కూటాల్లో డోలక్ వాయించినవాడే. అడిగితే ‘నాకు అవన్నీ వద్దు’ అంటాడు. సంఘంలో కొందరు ఆయన రక్షణ పోయిందంటారు, కొందరు ఎప్పుడూ లేదంటారు. నేను ఆయన కోసం విశ్వాసి అనుకొని ప్రార్థన చేయాలా, అవిశ్వాసి అనుకొని చేయాలా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ లెక్క మీరు తేల్చనక్కర్లేదు. ‘ప్రభువు తనవారిని ఎరుగును’ అని 2 తిమోతి 2:19. నర్సంపేట తమ్ముడికి రాసినంత ధైర్యంగా మీ ఆయన గురించి రాయలేను, ఎందుకంటే ఆ తమ్ముడు ఏడుస్తున్నాడు, ఈయన వద్దంటున్నాడు. కానీ వద్దన్న మాట ఈ రోజుది. తప్పిపోయిన కుమారుడు కూడా ఇల్లు వద్దనే పోయాడు. తిరిగి రావాలని, పాపం ఒప్పుకోవాలని, క్రీస్తును పట్టుకోవాలని ప్రార్థన చేయండి. ఆయన విశ్వాసి అయినా కాకపోయినా కావలసింది అదే.

మందిరంలో ఆయన గురించి తీర్పు చెప్పేవాళ్లతో వాదించకండి. వాళ్లలో ఒక్కరైనా ఇంటికి వచ్చి ఆయనతో కూర్చున్నారా అని మాత్రం మీ పాస్టరుగారిని అడగండి. యాకోబు పత్రిక చివరి రెండు వచనాలు వాళ్లకు చూపించండి. మీ ఆయన దుబాయిలో ఎడారి ఎండలో ఏండ్లకేండ్లు ఏం పడ్డాడో, ఏ అప్పు నెత్తిన పెట్టుకొని వచ్చాడో మీకైనా పూర్తిగా చెప్పాడా? ముందు అది వినండి. తాగి చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ప్రార్థనతో సరిపెట్టుకోకండి. మీ పుట్టింటివాళ్లకు చెప్పండి, పాస్టరుగారికి చెప్పండి, అవసరమైతే 181కి ఫోన్ చేయండి. కృప మిమ్మల్ని దెబ్బలు తినమని చెప్పదు.